ఐపి నంబరు చెప్పేదెంత? చెప్పనిదెంత?

బి.ఎస్సీ., తృతీయ సంవత్సరం

ఈనాడు సెల్‌ఫోను లేని విద్యార్థి అరుదు. అయితే మనం ఫోనులో ఒక పేజీ తెరిచిన ప్రతిసారీ మన గుర్తు ఒకటి అవతలి కంప్యూటరుకు చేరుతుందని మనలో ఎంతమందికి తెలుసు? ఆ గుర్తు పేరే ఐపి అడ్రసు. దీనిని గూర్చి రెండు అపోహలున్నవి. "నేను పేరు రాయలేదు గదా, నన్నెవరు పడతారు?" అనేది మొదటిది. "ఐపి నంబరు దొరికితే మనిషి దొరికినట్టే" అనేది రెండవది. రెండూ తప్పే. రెండవ తప్పు వల్ల ఒక అమాయకుడు జైలు పాలయినాడు.

ముందుగా ఈ నంబరు సంగతి చూద్దాం. జాబు రాసినప్పుడు చేరవలసిన చిరునామాతో పాటు మన చిరునామా కూడా రాస్తాం. లేకుంటే జవాబు ఎట్లా వస్తుంది? ఇంటర్నెట్టులోనూ అంతే. 1981లో ఏర్పడిన పద్ధతి ప్రకారం ఐపి అడ్రసులో 32 బిట్లు ఉంటాయి. అంటే 0 నుండి 255 లోపు నాలుగు అంకెలు, నడుమ చుక్కలు. 2ను 32 సార్లు హెచ్చవేస్తే వచ్చేది సుమారు 429 కోట్లు. ప్రపంచ జనాభా అంతకన్న ఎక్కువ. కావున 2011 ఫిబ్రవరి 3 నాటికి కేంద్ర నిలువ ఖాళీ అయింది. 128 బిట్ల కొత్త పద్ధతి వచ్చినా పాతది పోలేదు. అందుకని కంపెనీలు ఒకే పాత నంబరును ఎందరో ఖాతాదారులకు పంచుతున్నాయి. హాస్టలు వైఫైలో ఉన్న వారందరూ సాధారణంగా బయటికి ఒకే నంబరుతో కనబడతారు.

మా ఊళ్ళల్లో ఒకే బాయి కింద ముగ్గురు అన్నదమ్ములు వంతులు వేసుకొని పొలం పారించుకుంటారు. రాత్రి 2 గంటలకు ఎవరి మడికి నీళ్ళు పోయినవో తెలియాలంటే బాయి తెలిస్తే చాలదు, అప్పుడు వంతు ఎవరిదో తెలియాలి. ఐపి నంబరుకు కూడా తేదీ, గంట, నిమిషం, సెకను కావాలి. ఒకే క్షణంలో పలువురు వాడుతుంటే పోర్టు నంబరు కూడా కావాలి. ఇవన్నీ సరిపోయినా తేలేది కనెక్షను ఎవరి పేరున ఉన్నదనే. సర్వే నంబరును బట్టి పట్టాదారు పేరు తెలుస్తుంది గాని, ఆ ఏడు కౌలుకు దున్నింది ఎవరో తెలియదు గదా!

2007లో పక్క రాష్ట్రంలోని బెంగళూరులో జరిగింది చూడండి. ఆర్కుట్‌లో ఛత్రపతి శివాజీని కించపరిచే రాతలు వచ్చినవని పూణే పోలీసులు ఐపి నంబరు పట్టుకొని ఆరా తీసినారు. ఇంటర్నెట్టు కంపెనీ తప్పు ఖాతాదారుని వివరాలిచ్చింది. ఏ పాపం ఎరుగని ఒక సాఫ్ట్‌వేరు ఉద్యోగిని అరెస్టు చేసి పూణేకు తీసుకుపోయినారు. సుమారు 50 రోజులు ఎరవాడ జైలులో ఉన్న తర్వాత గాని ఆయన బయటికి రాలేదు. ఒక నంబరును మనిషిగా భావించిన ఫలితం ఇది.

అట్లని మొదటి అపోహను నమ్మరాదు. ఏ నంబరు ఎప్పుడు ఎవరికి ఇచ్చిందీ కంపెనీలు కనీసం రెండేళ్ళు దాచాలని ప్రభుత్వం 2021 డిసెంబరులో నిబంధన పెట్టింది. పేజీ నడిపే వారికి మన కంపెనీ పేరు, ఉజ్జాయింపుగా ఊరు తెలుస్తాయి. ఇంటి నంబరు మాత్రం తెలియదు. సిద్దిపేటలో ఉన్న వారిని హైదరాబాదులో ఉన్నట్టు చూపించనూవచ్చు. కాని ఆ నంబరుకు మన ఈమెయిలు, ఫోను నంబరు, వెతికిన మాటలు తోడైతే మనిషి బొమ్మ పూర్తవుతుంది. బ్రౌజరులోని "ప్రైవేటు" కిటికీ మన ఫోనులో చరిత్ర మిగల్చదు, అంతే. అది ఐపిని దాచదు. విపిఎన్ పేజీ వారి నుండి దాస్తుంది గాని, విపిఎన్ నడిపేవానికి మనం తెలిసే ఉంటాం. వారు సైతం ఖాతాదారుల వివరాలు ఐదేళ్ళు ఉంచాలని 2022 ఏప్రిల్ 28న సర్ట్-ఇన్ ఆదేశించింది.

ఇదంతా పట్నం వారి గొడవ అనుకోవద్దు. నేటి మన జిల్లాలోని కోమటిబండలో 2016 ఆగస్టు 7న మిషన్ భగీరథ ప్రారంభమైంది. ఆ నీటి పైపుల కందకాలలోనే ఇంటర్నెట్టు ఫైబరుకు గొట్టాలు వేసినారు. నల్లా నీళ్ళు వచ్చిన బాటనే ఇంటర్నెట్టు కూడా పల్లెకు వస్తున్నది.

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పినారు. హక్కు కాగితం మీద ఉంటే చాలదు, దాని సంగతి మనకు తెలిసి ఉండాలి. కనుక మిత్రులారా! ముక్కు మొగం తెలియని వానికి హాట్‌స్పాట్ ఇవ్వకండి, వాడు చేసిన పని ముందుగా మీ గడపకే వస్తుంది. వైఫై పాస్‌వర్డు గోడ మీద రాయకండి. పేరు దాచుకొని ఒకరిని తిట్టే ముందు ఆ రాత ఎక్కడో మీ లెక్కలో ఉన్నదని తలవండి. ఇక ఎవరైనా "నంబరు దొరికింది, దొంగ వీడే" అంటే, "ఏ వేళ? ఎవరి వంతు?" అని అడగండి. సైన్సు చదివినందుకు మనం అడగవలసిన ప్రశ్న అదే.