బెదురు ప్రాణికి శుశ్రూష

హామ్‌స్టర్ ఎలుకను పోలిన చిన్న ప్రాణి. ఇళ్లలో పెంచే రకాలలో సిరియా హామ్‌స్టర్ సుప్రసిద్ధమైనది. 1930లో సిరియా దేశంలోని అలెప్పో నగర సమీపాన, జంతుశాస్త్రజ్ఞుడు ఇజ్రాయెల్ అహరోనీ ప్రయత్నం వల్ల ఒక తల్లి, దాని పిల్లలు బొరియలో దొరికాయి. నేడు పెంపకంలో ఉన్న ఈ జాతి ప్రాణులు అధికభాగం ఆ సంతతివే. వేల ఏళ్లుగా మనిషిని అంటిపెట్టుకొని బ్రతికిన కుక్కకు, నూరేళ్లయినా నిండని ఈ సహవాసానికి పోలిక లేదు. పంజరంలో పుట్టినా దానికి బొరియలో దాగే స్వభావం పోలేదు.

దాని చూపు మందం, ఘ్రాణశక్తి తీక్ష్ణం. పైనుండి దిగే చేయి దానికి గద్ద వంటిదే. పగటి నిద్రలో తాకితే ఉలిక్కిపడి కరుస్తుంది. అది కోపం కాదు, ప్రాణభయం. ఇట్టి జీవికి గాయమైతే మందు కంటే ముందు భయం సంగతి చూడాలి. పట్టుకొనే తొందరలో అది జారిపడి ఎముక విరిగితే, మొదటి గాయమే నయమనిపిస్తుంది.

పెరిగిన సిరియా హామ్‌స్టర్లు ఒకే పంజరంలో ఇమడవు, ఘోరంగా పోరాడుకొంటాయి. గాయానికి కారణం అదే అయితే ముందుగా వాటిని వేరుచేయాలి.

సాయంకాలం అది తానై మేల్కొన్న తరువాత, వాసన లేని సబ్బుతో చేతులు కడుక్కొని నేలమీద కూర్చోవాలి. వెడల్పాటి గ్లాసును పక్కకు వాల్చి ఎదుట ఉంచితే, బొరియ అనుకొని అదే లోపలికి దూరుతుంది. తరిమి పట్టడం కంటే ఇది ఎంతో మేలు. పిదప మెత్తని తువాలులో వదులుగా చుట్టి, గాయమున్న భాగాన్ని మాత్రమే బయట ఉంచాలి. ఛాతీని నొక్కితే ఊపిరాడదు. ఒకరు పట్టుకొంటే మరొకరు శుభ్రం చేయడం సులభం.

లీటరు నీటిని మరగకాచి చల్లార్చి, 9 గ్రాముల ఉప్పు కలిపితే అది శరీరద్రవాలతో సమానమైన లవణజలమవుతుంది. దానిలో తడిపిన గాజుగుడ్డతో మృదువుగా అద్దాలి. దూది పోగులు పుండుకు అంటుకొంటాయి. ఒకటి రెండు నిమిషాలలో పని ముగించి, ఒక పొద్దుతిరుగుడు గింజ ఇచ్చి వదిలిపెట్టాలి.

అసలు ప్రమాదం ఇంటి మందుల పెట్టెలో ఉంది. మనుషులకు మిగిలిన అమాక్సిసిలిన్ మాత్రను పొడిచేసి పెడితే మేలు జరుగుతుందని కొందరి భ్రమ. పెన్సిలిన్ వర్గపు మందులు, క్లిండమైసిన్ వంటివి హామ్‌స్టర్ పేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులను నశింపజేస్తాయి. ఆ చోటును విషం పుట్టించే బాక్టీరియా ఆక్రమిస్తుంది. విరేచనాలతో కొద్ది రోజులలోనే ప్రాణం పోవచ్చు. పైపూత మందులనూ అది నాకివేస్తుంది కనుక వైద్యుడు చెప్పనిది ఏదీ పూయరాదు. గాయం లోతుగా ఉన్నా, చీము పట్టినా, ప్రాణి ఆహారం మానినా ఆలస్యం చేయక పశువైద్యుని వద్దకు తీసుకొని పోవాలి.

గాయం మానేవరకు పంజరంలో రంపపుపొట్టుకు బదులు అచ్చు లేని తెల్ల కాగితపు ముక్కలు పరచాలి. పొట్టు పుండులో చిక్కుకొంటుంది; కాగితం మీద రక్తపు మరక, చీము మరక వెంటనే కనిపిస్తాయి.