క్యాన్సర్ ఎముకల నొప్పి: ఖరీదైన వైద్యమే మంచి వైద్యమా?

శంషాబాద్, కొత్తూరు, రాజేంద్రనగర్ వైపు నుండి వచ్చే క్యాన్సర్ రోగుల కుటుంబాలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "సార్, నాయనకు నడుము నొప్పి తగ్గుతలేదు. రాత్రంతా మూలుగుతున్నడు. ఇంకా పెద్ద వైద్యం చేయిస్తే తగ్గుతదంటున్నరు. నాలుగు గుంటలు అమ్మమంటరా?" 2008లో విమానాశ్రయం వచ్చిన తర్వాత ఈ చుట్టుపక్కల భూమికి ధర పెరిగింది. అమ్మడం సులువే. కానీ చేయి దాటిన భూమిని తిరిగి కొనడం కూలి చేసుకునే కుటుంబానికి అయ్యే పని కాదు. ఇంకొన్ని కుటుంబాలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. "మన దగ్గర అంత డబ్బెక్కడిది?" అనుకుని డాక్టరుకు నొప్పి సంగతే చెప్పరు. రోగి మంచం మీద మౌనంగా బాధపడుతూ ఉంటాడు.

ఈ రెండు రకాల కుటుంబాలకూ మేము చెప్పేది ఒకటే. క్యాన్సర్ వలన వచ్చే ఎముకల నొప్పిని తగ్గించే వైద్యాలలో ఎక్కువ మందికి బాగా పనిచేసేవి చౌకగా దొరికేవే. ఏ వైద్యం దేనికి పనికివస్తుందో, ఎక్కడ ఖర్చు తగ్గించుకోవచ్చో, ఎక్కడ తగ్గించుకోకూడదో తెలుసుకుందాం.

ఈ నొప్పి ఎందుకు వస్తుంది?

రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, కిడ్నీ, థైరాయిడ్ క్యాన్సర్లు ఎముకలకు పాకే అవకాశం ఎక్కువ. మైలోమా అనే క్యాన్సర్ అయితే ఎముక మజ్జలోనే పుడుతుంది. సామాన్యంగా వెన్నుపూసలు, తుంటి, పక్కటెముకలు, తొడ ఎముక దెబ్బతింటాయి. క్యాన్సర్ కణాలు ఎముకను కరిగించే కణాలను రెచ్చగొడతాయి. ఎముక లోపల గుల్లబారుతుంది, చుట్టూ వాపు వస్తుంది, నరాలు ఒత్తుకుంటాయి. అందువల్ల ఈ నొప్పి పడుకున్నా వదలదు, రాత్రిపూట ఎక్కువవుతుంది, కదిలితే పొడిచినట్లుంటుంది. ఇటువంటి ఎముకను నూనెతో గట్టిగా మర్దన చేయడం, లాగి కట్టు కట్టించడం చేయరాదు. గుల్లబారిన ఎముక ఆ ఒత్తిడికే విరిగిపోవచ్చు.

కరెంటు వైద్యం: పదిసార్లా, ఒకేసారా?

మనవాళ్ళు "కరెంటు పెట్టడం" అనే రేడియేషన్ వైద్యం ఈ నొప్పికి ముఖ్యమైనది. నొప్పి ఉన్నచోట కిరణాలు పెడితే సుమారు పది మందిలో ఆరేడుగురికి నొప్పి తగ్గుతుంది. తగ్గడానికి ఒకటి నుండి నాలుగు వారాలు పట్టవచ్చు. అంతవరకు మాత్రలు మానకూడదు. మొదటి రెండు మూడు రోజులు కొందరికి నొప్పి కొంచెం పెరుగుతుంది. దీనికి భయపడనక్కరలేదు, డాక్టరుకు చెబితే మందు ఇస్తారు.

ఇదివరలో ఈ వైద్యాన్ని ఐదు లేక పది సిట్టింగులుగా ఇచ్చేవారు. అదే నొప్పికి 8 గ్రే అనే మోతాదును ఒకే సిట్టింగులో ఇస్తే సరిపోదా అని అనేక దేశాల డాక్టర్లు పరీక్షించారు. నెదర్లాండ్స్ దేశంలో 1171 మంది రోగులపై చేసి 1999లో ప్రకటించిన పరిశోధనలో, ఒకసారి పెట్టినవారికీ ఆరుసార్లు పెట్టినవారికీ నొప్పి ఒకే విధంగా తగ్గింది. ఒక తేడా మాత్రం కనిపించింది. ఒకసారి పెట్టినవారిలో నూటికి సుమారు 25 మందికి, ఆరుసార్లు పెట్టినవారిలో 7 మందికి మళ్ళీ పెట్టవలసి వచ్చింది. ఆ రెండవసారి ఖర్చు కూడా కలిపి లెక్క వేసినా ఒకేసారి పెట్టడమే తక్కువ ఖర్చు అని 2003లో అదే పరిశోధకులు చూపించారు. ఆ తర్వాత వచ్చిన పెద్ద పరిశోధనలు కూడా నొప్పి తగ్గే విషయంలో ఇదే మాట చెప్పాయి.

మన లెక్కలో చూద్దాం. శంషాబాద్ నుండి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి 20 కిలోమీటర్ల పైనే ఉంటుంది. పది సిట్టింగులంటే పోను రాను 400 కిలోమీటర్లు దాటుతుంది. నడవలేని రోగి అయితే ఆటో కావాలి. వెంట వచ్చే కొడుకో కూతురో పది రోజులు పని మానాలి. రోజు కూలి 700 రూపాయలు అనుకుంటే అక్కడే 7,000 పోతుంది. ఒకే సిట్టింగు అయితే ఒకటి రెండు రోజుల కూలితో సరిపోతుంది. వైద్యం ఉచితమైనా ఈ ఖర్చు కుటుంబానిదే. పైగా నొప్పితో ఉన్న మనిషిని పదిసార్లు బండి ఎక్కించి దించడం ఎంత బాధో చూసినవారికే తెలుస్తుంది. మిషను దగ్గర వరుసలో ఎదురు చూస్తున్న మరొక రోగికి కూడా అంత త్వరగా చోటు దొరుకుతుంది.

అందరికీ ఒకే సిట్టింగు సరిపోతుందని కాదు. ఆపరేషన్ తర్వాత ఇచ్చేటప్పుడు, ఎముక విరిగే స్థితిలో ఉన్నప్పుడు, వెన్నుపాము ఒత్తుకున్నప్పుడు డాక్టరు వేరుగా నిర్ణయించవచ్చు. వెన్నులో ఒకటి రెండు చోట్ల మాత్రమే జబ్బు ఉన్న కొందరికి స్టీరియోటాక్టిక్ అనే ఖరీదైన పద్ధతి చెబుతారు. దానివలన మేలు ఎక్కువని ఒక పెద్ద పరిశోధన చూపితే, మరొకటి తేడా లేదని చూపింది. అందరికీ అది తప్పనిసరి కాదు. "మాకు ఒకేసారి పెడితే సరిపోతుందా?" అని అడగడంలో తప్పేమీ లేదు.

మార్ఫిన్ మాత్రలు: భయం వద్దు

పారాసిటమాల్, వాపు తగ్గించే మాత్రలతో నొప్పి ఆగకపోతే తర్వాతి మెట్టు మార్ఫిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని 1977 నాటి మొదటి అత్యవసర మందుల జాబితాలోనే చేర్చింది. మార్ఫిన్‌కు మూలమైన నల్లమందు మన దేశంలోనే, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో పండుతుంది. అయినా 1985లో వచ్చిన మత్తుమందుల చట్టం తర్వాత కఠినమైన నిబంధనల వలన ఆసుపత్రులలో దీని వాడకం బాగా పడిపోయింది. 2014లో ఆ చట్టాన్ని సవరించారు. అప్పటి నుండి గుర్తింపు పొందిన ఆసుపత్రులు రోగులకు దీనిని సులభంగా ఇవ్వగలుగుతున్నాయి.

మాత్ర రూపంలో ఇది చౌకైన మందు. మింగగలిగిన రోగికి మూడు రోజులకొకసారి అంటించే ఖరీదైన పట్టీ ముందుగా అవసరం లేదు. మింగలేనివారికి, వాంతులు ఆగనివారికి ఆ పట్టీ ఉపయోగపడుతుంది. "అలవాటు పడిపోతాడేమో", "ఇది చివరి మందట కదా" అనే మాటలు మేము రోజూ వింటాము. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు నొప్పి కోసం వాడే రోగి మత్తుకు బానిస కావడం చాలా అరుదు. నొప్పి తగ్గితే మోతాదు కూడా మెల్లగా తగ్గిస్తారు. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది. కాబట్టి మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మొదలుపెట్టాలి. మాత్రలు పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచాలి. ఇంకొకరికి ఇవ్వకూడదు.

ఎముక బలానికి ఇంజెక్షన్

జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఎముక కరగడాన్ని తగ్గిస్తుంది, విరగకుండా కొంత కాపాడుతుంది. ఇది వెంటనే నొప్పి తగ్గించే మందు కాదు. ఇదివరలో నెలకొకసారి ఇచ్చేవారు. అమెరికాలో 1822 మంది రొమ్ము క్యాన్సర్, ప్రోస్టేట్ క్యాన్సర్, మైలోమా రోగులపై చేసి 2017లో ప్రకటించిన పరిశోధనలో, మూడు నెలలకొకసారి ఇచ్చినా రెండేళ్ళలో ఎముక సమస్యలు వచ్చినవారి సంఖ్య దాదాపు సమానంగానే ఉంది. ఆ లెక్కన సంవత్సరానికి 13 ఇంజెక్షన్లకు బదులు 4 లేక 5 సరిపోవచ్చు. ఈ ఇంజెక్షన్ ఇప్పుడు జెనరిక్ మందుగా మన దేశ కంపెనీల నుండే దొరుకుతుంది. డెనోసుమాబ్ అనే మరొక ఇంజెక్షన్ ఎముక సమస్యలను ఇంకొంచెం ఆలస్యం చేస్తుంది, కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి పనికివస్తుంది. కానీ దాని ఖరీదు ఎక్కువ. దీనికైనా దానికైనా ముందు కాల్షియం పరీక్ష, పళ్ళ పరీక్ష చేయించుకోవాలి. జోలెడ్రోనిక్ యాసిడ్‌కు కిడ్నీ పరీక్ష కూడా తప్పదు.

ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న పురుషులకు మరొక మాట. హార్మోను ఆపే వైద్యంతో కొందరికి ఎముకల నొప్పి కొద్ది రోజులలోనే తగ్గుతుంది. దీనికి నెలకో మూడు నెలలకో ఇంజెక్షన్లు జీవితాంతం వేసుకోవచ్చు, లేదా వృషణాలు తీసే చిన్న ఆపరేషన్ ఒకసారి చేయించుకోవచ్చు. హార్మోను తగ్గించడంలో రెండూ ఒకే పని చేస్తాయి. ఆపరేషన్ ఖర్చు ఒక్కసారితో పోతుంది, కానీ దానిని తిరిగి మార్చలేము. మనసుకు కష్టమైన విషయం కాబట్టి భార్యాభర్తలు డాక్టరుతో కూర్చుని నిదానంగా నిర్ణయించుకోవాలి.

ఇక్కడ మాత్రం ఖర్చు చూడవద్దు

కాళ్ళు కొత్తగా బలహీనపడటం, తిమ్మిరి ఎక్కడం, మూత్రం ఆగిపోవడం, మల మూత్రాలు తెలియకుండా పోవడం వెన్నుపాము ఒత్తుకుంటున్నదనడానికి గుర్తులు. "రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం" అనకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. నడవగలిగిన స్థితిలో వైద్యం మొదలైన రోగికి ఆ నడక నిలిచే అవకాశం ఎక్కువ. కాళ్ళు పూర్తిగా పడిపోయాక వస్తే నడక తిరిగి రావడం కష్టం. ఆ ఒక్క రోజు మిగుల్చుకున్న ఆటో డబ్బులకు తర్వాత నెలల తరబడి మంచాన పడిన మనిషి సేవతో మూల్యం చెల్లించాలి. అలాగే అడుగు వేస్తే తొడలో భరించరాని నొప్పి వస్తే ఎక్స్‌రే తీయించాలి. ఎముక విరగకముందే రాడ్డు వేయడం, విరిగిన తర్వాత వేయడం కంటే మేలు.

సహాయం ఎక్కడ దొరుకుతుంది?

1955లో మొదలైన ఎం.ఎన్.జె. ప్రభుత్వ ఆసుపత్రిలో రేడియేషన్‌తో పాటు నొప్పి నివారణ విభాగం కూడా ఉంది. ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ వైద్యానికి సహాయం ఉంది. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితిని కుటుంబానికి సంవత్సరానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. మన రంగారెడ్డి జిల్లాలో చేవెళ్ళ ప్రభుత్వ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ కేంద్రం ఏర్పాటైంది. ఇటువంటి కేంద్రాల సిబ్బంది మంచాన ఉన్న రోగులను ఇంటి దగ్గరే చూసేందుకు 'ఆలన' పేరుతో వాహనాలు ఏర్పాటు చేశారు. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే వివరాలు తెలుస్తాయి.

భూమి అమ్మే ముందు డాక్టరును ఈ ఐదు ప్రశ్నలు అడగండి:

1. ఈ వైద్యం నొప్పి తగ్గించడానికా, ఆయుష్షు పెంచడానికా?
2. కరెంటు ఒకేసారి పెడితే సరిపోతుందా?
3. మార్ఫిన్ మాత్ర ఇవ్వవచ్చా?
4. ఇంజెక్షన్ మూడు నెలలకొకసారి వేయవచ్చా?
5. ఇది ఆరోగ్యశ్రీలో వస్తుందా?

రోగిని చూడటానికి వెళ్ళే సంఘస్థులకు, బంధువులకు ఒక మనవి. "ఓర్చుకో" అని చెప్పి రాకండి. "నొప్పి ఎంత ఉంది? రాత్రి నిద్ర పడుతున్నదా? మాత్ర వేళకు వేసుకున్నావా?" అని అడగండి. జబ్బు నయం కాని స్థితిలో కూడా నొప్పిని చాలావరకు తగ్గించవచ్చు. దానికి ముందుగా కావలసింది నొప్పి ఉన్నదని డాక్టరుకు చెప్పడం. దానికి ఖర్చేమీ లేదు.