తలుపు తట్టే కనపడని చేతులు

ఆదోని కొండమీది కోటను చూచినవారెవరైనా, ఇంతటి దుర్గం శత్రువుకు ఎలా చిక్కిందా అని ఆశ్చర్యపడతారు. గోడలు కూలి కాదట. 17వ శతాబ్దం చివర ఔరంగజేబు సేనలు ముట్టడించినప్పుడు, కోటను ఏలుతున్న సిద్ది మసూద్ ఖాన్ ముచ్చటపడి కట్టించుకున్న జామియా మసీదువైపు ఫిరంగులు తిప్పారనీ, అది చూచి ఆయన లొంగిపోయాడనీ చెప్పుకుంటారు. గోడ జోలికి పోకుండా మెత్తని చోటు వెదకటం శత్రువుల పాత విద్య.

ఈ కథ నాకు మొన్న ఎమ్మిగనూరులో, మా బావగారింట గుర్తుకు వచ్చింది. ఆయన ఉద్యోగం సుమారు 30 కిలోమీటర్ల దూరాన ఆదోనిలో, ఒక పత్తి వ్యాపారి వద్ద లెక్కలు వ్రాయటం. పత్తి రోజులలో రాత్రిపూట ఇంటినుంచే దుకాణంలోని సర్వరును తెరిచి పద్దులు సరిచూచుకుంటారు. ఏ రైతు ఎన్ని క్వింటాళ్లు తెచ్చాడు, ఎవరికింకా ఎంత ఇవ్వాలి, అంతా అందులోనే. ఆ యంత్రం వ్రాసుకునే రాకపోకల చిట్టా విప్పితే, పుటలకొద్దీ ఒకటే మాట: పాస్‌వర్డు తప్పు. తెల్లవార్లూ, ఎక్కడెక్కడి చిరునామాలనుంచో!

"మనమీద ఎవరికింత పగయ్యా?" అన్నారు బావగారు కంగారుగా.

పగా లేదు, పాడూ లేదు. ఇంటర్నెట్టువైపు తలుపున్న ప్రతి సర్వరునూ, అది బ్యాంకా, పత్తి దుకాణమా అని చూడకుండా తట్టిపోయే యంత్రాలు లోకమంతటా ఉన్నాయి. దూరంనుంచి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ అనే ద్వారానికి 22వ నెంబరు ఆనవాయితీ గనుక తిన్నగా అక్కడికే వస్తాయి.

వాటికి తెలివితో పనిలేదు, ఓపిక చాలు. నాలుగంకెల పాస్‌వర్డయితే 10,000 ప్రయత్నాలతో సరి. సెకనుకు పది చొప్పున 17 నిమిషాలు కూడా పట్టదు. అదే 12 ఇంగ్లీషు చిన్న అక్షరాలను అర్థం పర్థం లేకుండా కూర్చితే, ఆ వేగాన అన్నీ తిరగవేయటానికి 30 కోట్ల సంవత్సరాలు! కాని అంత శ్రమ ఎవరు పడతారు? జనం మామూలుగా పెట్టుకునే మాటల పట్టీ దొంగల చేతిలో ఉంటుంది. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము, కంపెనీలు పెట్టి పంపగా కొన్నవారు మార్చని సుమారు 60 జతల పేర్లు, పాస్‌వర్డులతోనే లక్షలకొద్దీ కెమేరాలను, రౌటర్లను వశపరచుకున్నది.

బావగారి పాస్‌వర్డు నేను చెప్పకూడదు. మా అక్కయ్య పేరూ, పెళ్లినాటి సంవత్సరమూ అన్నంతవరకు చెబుతాను. అది దొరికిననాడు పద్దులన్నిటికీ తాళం వేసి, విప్పటానికి డబ్బడుగుతారు. బాకీకోసం వచ్చిన రైతుకు ఏమని చెప్పటం?

అయిదుసార్లు తప్పిన చిరునామాను కొంతసేపు గెంటివేసే ఫెయిల్‌టూబ్యాన్ వంటి కాపలాదారులున్నారు. మంచిదే. కాని వేయి చిరునామాలనుంచి తలా ఒకసారి తట్టితే ఆ కాపలాదారు చేసేదేమిటి? 22ను మార్చి వేరే నెంబరు పెడితే సందడి తగ్గుతుంది, అంతే. ఊహించటానికి పాస్‌వర్డే లేకుండా చేయటం మేలని నా మతం.

1995లో హెల్సింకీలోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎవరో పాస్‌వర్డులను దొంగచాటుగా పట్టుకోగా, అక్కడి పరిశోధకుడు టాటు యూలోనెన్ ఈ ఎస్‌ఎస్‌హెచ్‌ను వ్రాశాడు. ఇందులో తాళంచెవులను జతగా చేసుకోవచ్చు. ఒకటి సర్వరువద్ద ఉంటుంది. ఎవరు చూచినా నష్టంలేదు. రెండవది మన కంప్యూటరు గడప దాటదు. సర్వరు అడిగినదానికి దానితో సంతకం చేసి పంపటమే.

చాలామంది చెవులు చేయించి కూడా పాత పాస్‌వర్డు దారిని అలాగే ఉంచుతారు: వీధివైపు ఇనుపతలుపు, పెరటితలుపుకు గొళ్లెమైనా లేదు! మేము ఒక కిటికీలో పాత సంబంధం తెగకుండా ఉంచి, మరొక కిటికీలో కొత్త చెవి తిరుగుతున్నదని రూఢి చేసుకున్న తరువాతనే పాస్‌వర్డు దారి మూశాము. లేకుంటే బావగారు తెల్లవారుజామున ఆదోని బస్సు పట్టవలసివచ్చేది. చిట్టాలో ఆయనవి కాని ప్రవేశాలు ఒక్కటీ లేవని కూడా వెదకి చూచుకున్నాము.

ఆ చెవికి వేరొక పెద్ద పాస్‌వర్డు పెట్టి, నకలు పెన్‌డ్రైవులో ఎక్కించి, అక్కయ్య బీరువాలో పట్టుచీరల కింద దాచాము. మరునాటి చిట్టా చూస్తే తట్టేవారు తట్టుతూనే ఉన్నారు.