సెకండ్ హ్యాండ్ జీపులో చలికాలం శ్రీనగర్ పోతున్నారా? ముందు ఈ లెక్కలు చూసుకోండి

మా దోస్త్ ఒకడు మొన్న దసరా తర్వాత పాత థార్ ఒకటి కొన్నాడు. 2018 మోడల్, డీజిల్, ఫోర్ బై ఫోర్. కొన్న వారానికే ఫోన్ చేశాడు. "భాయ్, డిసెంబర్‌లో నలుగురం కలిసి శ్రీనగర్ పోదాం. పది రోజుల లీవ్ పెట్టు."

పోదాం అన్నా. కానీ ముందు బండిని తెలిసిన మెకానిక్‌కి చూపిద్దామన్నా. ఆయన రేడియేటర్ మూత తీసి చూస్తే లోపల కూలెంట్ లేదు, మామూలు నల్లా నీళ్లు. హైదరాబాద్‌లో ఆ నీళ్లతో బండి ఎలాగోలా నడుస్తుంది. శ్రీనగర్‌లో రాత్రి మైనస్ 5 డిగ్రీల్లో బయట నిలబెడితే ఆ నీళ్లు గడ్డకడతాయి. నీళ్లు గడ్డకడితే వ్యాకోచిస్తాయి. ఇంజన్ బ్లాకే పగిలిపోవచ్చు. అంటే బండి కొన్న డబ్బులో పెద్ద వంతు ఒక్క రాత్రిలో పోయినట్టే.

ఆ రోజు నుంచి మేము ఈ ప్రయాణం లెక్కలన్నీ కాగితం మీద పెట్టాం. ఇలాంటి ఆలోచనే ఉన్నవాళ్లకు పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నా.

మొదట రోజుల లెక్క

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబర్ జాతీయ రహదారి మన హైదరాబాద్ మీదుగానే పోతుంది. దేశంలో ఇదే అన్నిటికంటే పొడవైన జాతీయ రహదారి. కాబట్టి దారి వెతుక్కునే పని లేదు. దూరం మాత్రం చిన్నది కాదు. సుమారుగా ఇలా వస్తుంది:

- హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్: 500 కిలోమీటర్లు
- నాగ్‌పూర్ నుంచి సాగర్: 400
- సాగర్ నుంచి ఝాన్సీ, గ్వాలియర్ మీదుగా ఆగ్రా: 420
- ఆగ్రా నుంచి అంబాలా: 410
- అంబాలా నుంచి లుధియానా, పఠాన్‌కోట్ మీదుగా జమ్ము: 400
- జమ్ము నుంచి శ్రీనగర్: 250

మొత్తం దగ్గరదగ్గర 2,400 కిలోమీటర్లు, ఆరు రోజులు. కొత్త కారులో ఇంకా తొందరగా పోవచ్చు అంటారేమో. పాత జీపులో రోజుకు 400 నుంచి 500 కిలోమీటర్లు చాలు. సస్పెన్షన్ గట్టిగా ఉంటుంది, నడుము పట్టేస్తుంది. పైగా చలికాలం పగలు తక్కువ.

పోవడానికి ఆరు, రావడానికి ఆరు, అక్కడ మూడు రోజులు. దానికి తోడు రోడ్డు మూసేస్తే ఆగడానికి రెండు రోజులు. మొత్తం 17 రోజులు. మా దోస్త్ అడిగిన పది రోజుల లీవ్‌లో ఇది కాని పని. పది రోజులే ఉంటే ఆగ్రా, ఫతేపూర్ సిక్రీ, జైపూర్, అజ్మీర్ చూసి తిరిగి రండి. అది కూడా మంచి ప్రయాణమే. శ్రీనగర్ దాకా పోయి తీరాలని రాత్రుళ్లు బండి నడపడం మాత్రం వద్దు.

బండి కొనేటప్పుడే చూడాల్సినవి

మన దగ్గర చాలామంది వడ్డీ లోన్ వద్దని కూడబెట్టిన డబ్బుతో క్యాష్ ఇచ్చి పాత బండి కొంటారు. మంచిదే. కానీ లోన్ మీద కొంటే బ్యాంకు వాళ్లు తమ డబ్బు కోసమైనా కాగితాలు పరిశీలిస్తారు. క్యాష్‌తో కొన్నప్పుడు ఆ పని మనమే చేసుకోవాలి.

ఆర్‌సీలో పాత ఓనర్ లోన్ తాలూకు హైపోథికేషన్ ఇంకా ఉందా చూడండి. ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా డబ్బు మొత్తం ఇవ్వొద్దు. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావాలి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ కూడా ఉండాలి.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. బండి చేతులు మారినప్పుడు థర్డ్ పార్టీ కవర్ చట్టం ప్రకారం కొత్త ఓనర్‌కు వచ్చేస్తుంది. మన బండికి జరిగే నష్టం కవర్ మాత్రం అలా రాదు. 14 రోజుల్లోపు కంపెనీకి దరఖాస్తు చేసి పాలసీ మన పేరు మీదకు మార్చుకోవాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ ఆయనకే ఉంటుంది, మనకు రాదు. ఆ తేడా డబ్బు కట్టాలి. ఇది చేయకుండా పోయి రాంబన్ దగ్గర రాయి పడి బానెట్ నుజ్జయితే ఖర్చంతా మన జేబు నుంచే.

ఇంకోటి. చూడటానికి జీపులా ఉన్న ప్రతి బండీ ఫోర్ బై ఫోర్ కాదు. 2023 నుంచి థార్‌లో వెనక చక్రాలు మాత్రమే తిరిగే మోడల్ కూడా వచ్చింది. గేర్ రాడ్ పక్కన రెండో లివర్ ఉందా చూడండి. ఉంటే సరిపోదు, మట్టి నేల మీద ఫోర్ హై, ఫోర్ లో రెండూ వేసి నడిపి చూడండి. చాలా బండ్లలో ఏళ్ల తరబడి వాడక ఆ లివర్ బిగుసుకుపోయి ఉంటుంది. బండి కింద పడుకుని ఛాసిస్ తుప్పు, ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర ఆయిల్ లీక్ చూడండి. సీటు కింద కార్పెట్ ఎత్తి బురద చారలు ఉన్నాయా చూడండి. హైదరాబాద్ వరదల్లో మునిగిన బండ్లు కూడా మార్కెట్‌కి వస్తాయి.

పెద్ద టైర్లు, ముందు ఇనుప గార్డు ఉన్న బండి చూసి మురిసిపోవద్దు. క్రాష్ గార్డులను కేంద్రం 2017లోనే నిషేధించింది. అనుమతి లేని మార్పులు ఉంటే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా పేచీ వస్తుంది.

ఢిల్లీ దగ్గర ఆగిపోయే ప్రమాదం

చలికాలంలో పాత డీజిల్ బండికి కశ్మీర్ కంటే ముందు ఢిల్లీలో కష్టం వస్తుంది. గాలి కాలుష్యం సూచీ 400 దాటితే గ్రాప్ మూడో దశ అమలు చేస్తారు. అప్పుడు ఢిల్లీతో పాటు గురుగ్రామ్, ఫరీదాబాద్, ఘజియాబాద్, గౌతమ్ బుద్ధ నగర్ జిల్లాల్లో బీఎస్-3 పెట్రోల్, బీఎస్-4 డీజిల్ నాలుగు చక్రాల బండ్లు నడపకూడదు. పట్టుబడితే రూ.20,000 జరిమానా. బీఎస్-6 వచ్చింది 2020 ఏప్రిల్‌లో. అంటే మా దోస్త్ 2018 డీజిల్ థార్ సరిగ్గా ఈ లెక్కలోకే వస్తుంది.

పదేళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్ల సంగతి వేరే ఉంది. 2015లో ఎన్‌జీటీ, 2018లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో వాటిని అడ్డుకున్నాయి. ఆ తర్వాత ఆదేశాలు మారుతూ వస్తున్నాయి. అంత పాత బండి అయితే బయలుదేరే వారం తాజా ఆదేశం చూసుకోవాల్సిందే.

పల్వల్ నుంచి కుండ్లీ దాకా రెండు పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వేలు ఉన్నాయి. వాటి మీద పోతే ఢిల్లీ సిటీ ట్రాఫిక్ తప్పుతుంది. కానీ అవి కూడా ఆ జిల్లాల గుండానే పోతాయి కాబట్టి నిషేధం తప్పినట్టు కాదు. అందుకే ఆగ్రాలో రాత్రి ఆగినప్పుడు ఆ రోజు ఆదేశం చూడండి. మూడో దశ ఉంటే జైపూర్, హిసార్ మీదుగా లుధియానా పోవచ్చు. ఒక రోజు ఎక్కువ పడుతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు తిరిగి వచ్చేదాకా ఉండాలి.

పొగమంచు: ఫజర్ తర్వాత బయలుదేరే అలవాటు మార్చుకోండి

దూర ప్రయాణం అంటే ఫజర్ చదివి బయలుదేరడం మన ఇళ్లలో అలవాటు. నాగ్‌పూర్, సాగర్ దాకా అది మంచిదే. గ్వాలియర్ దాటాక, ముఖ్యంగా ఆగ్రా నుంచి పంజాబ్ చివరి దాకా, డిసెంబర్, జనవరి నెలల్లో అది ప్రమాదం. తెల్లారి పొగమంచులో ముందున్న లారీ పది అడుగుల దూరంలో కూడా కనిపించదు. ఆ ప్రాంతంలో ఉదయం 10 తర్వాత బయలుదేరి, సాయంత్రం 5 లోపు హోటల్ చేరుకోండి.

దారిలో మంచు కమ్మితే హై బీమ్ వేయొద్దు. వెలుగు మంచుకు తగిలి మన కళ్లలోకే వస్తుంది. లో బీమ్, ఫాగ్ లైట్లు చాలు. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లు వేస్తే మనం ఆగామో, తిరుగుతున్నామో వెనకవాళ్లకు తెలియదు. ఆగాల్సి వస్తే రోడ్డు పక్కన కాకుండా పెట్రోల్ బంకులోకో దాబాలోకో పోయి ఆగండి.

బండికి చలి బట్టలు

*కూలెంట్:* నీళ్లు మొత్తం తీసేసి, శుభ్రం చేసి, యాంటీఫ్రీజ్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి. ఆ పాళ్లలో మైనస్ 30 దాటినా గడ్డకట్టదు. అద్దం కడిగే ట్యాంకులో నీళ్లు కూడా మరచిపోవద్దు.

*బ్యాటరీ:* చలికి బ్యాటరీ శక్తి తగ్గుతుంది, అదే సమయంలో ఇంజన్ తిప్పడానికి ఎక్కువ శక్తి కావాలి. మూడేళ్లు దాటిన బ్యాటరీ అయితే ఇక్కడే లోడ్ టెస్ట్ చేయించండి. జంపర్ కేబుల్ వెంట ఉంచండి.

*డీజిల్:* చలి ఎక్కువైతే డీజిల్‌లో మైనం పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతుంది. మన దేశంలో ఎండాకాలం, చలికాలం డీజిల్‌కు ప్రమాణాలు వేరుగా ఉంటాయి. దక్షిణాది డీజిల్ నిండా ఉన్న ట్యాంకుతో కొండ ఎక్కకుండా జమ్ములో, ఉధంపూర్‌లో నింపుకోండి. కొత్త ఫిల్టర్ వేయించండి. కిరోసిన్ కలపమని ఎవరైనా చెబితే వినొద్దు, కామన్ రైల్ ఇంజన్ పంపు పాడవుతుంది.

*టైర్లు:* టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 2219 అంటే 2019లో 22వ వారం తయారైంది. అరగకపోయినా ఆరేళ్లు దాటితే రబ్బరు గట్టిపడి మంచు మీద పట్టు ఉండదు. స్నో చైన్లు మీ టైరు సైజుకు సరిపోయేవి తీసుకుని, ఇంటి ముందే రెండు సార్లు ఎక్కించి చూడండి. వేళ్లు కొంకర్లు పోయే చలిలో మొదటిసారి నేర్చుకోవడం కాదు.

ఫోర్ బై ఫోర్ ఉంటే మంచు మీద బండి కదులుతుంది. ఆగడానికి మాత్రం అది సాయపడదు. బ్రేకు వేస్తే జారేది అన్ని బండ్లూ ఒకటే. మామూలు పొడి తారు రోడ్డు మీద ఫోర్ హై వేసి నడిపితే గేర్లు కూడా దెబ్బతింటాయి.

జమ్ము దాటాక

కశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి జనవరి ఆఖరు దాకా 40 రోజులను చిల్లై కలాన్ అంటారు. గట్టి చలి అదే. 9 కిలోమీటర్ల చెనాని-నాష్రి సొరంగం 2017లో, సుమారు 8.5 కిలోమీటర్ల బనిహాల్-ఖాజీగుండ్ సొరంగం 2021లో వచ్చాక దారి చాలా మారింది. అయినా రాంబన్, బనిహాల్ మధ్య కొండచరియలు, రాళ్లు పడి రోడ్డు మూతపడటం ఇప్పటికీ జరుగుతుంది. ట్రాఫిక్ పోలీసులు రోజూ ప్రకటన ఇస్తారు. అది చూడకుండా జమ్ము నుంచి కదలొద్దు. రోడ్డు రోజుల తరబడి మూసేస్తే బండిని కట్రాలో పెట్టి రైల్లో శ్రీనగర్ పోవచ్చు. 2025 జూన్ నుంచి ఆ సౌకర్యం ఉంది.

లద్దాఖ్ ఆశ వద్దు. చలికాలంలో జోజీలా మంచుకు మూసుకుపోతుంది. గుల్మార్గ్ పోవాలంటే మంచు పడ్డాక టంగ్‌మార్గ్ దగ్గర చైన్లు ఉన్నాయా అని ఆపి చూస్తారు.

మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. ఫోన్ లేకపోతే యూపీఐ కూడా లేదు. రూ.10,000 నగదు విడిగా ఉంచండి.

అన్నిటికంటే ముఖ్యమైనది. మంచులో ఇరుక్కుంటే అద్దాలు మూసి, ఇంజన్, హీటర్ వేసుకుని నిద్రపోవద్దు. సైలెన్సర్ గొట్టం మంచుతో మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని మర్రీలో మంచులో చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయారు. చాలామంది తమ కార్లలోనే, పిల్లలతో సహా. ఇంజన్ వేయాల్సి వస్తే ముందు దిగి గొట్టం చుట్టూ మంచు తీయండి. ఒక అద్దం కొంచెం దించి, పది నిమిషాలు వేసి ఆపండి. ఒకరు మేలుకుని ఉండాలి. కాంగ్డీ, బొగ్గుల కుంపటి బండిలో అసలే వద్దు.

ఖర్చు ఎంత?

పోయి రావడం, అక్కడ తిరగడం కలిపి 5,300 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 11 కిలోమీటర్లు వస్తే 480 లీటర్లు. లీటరు సగటున రూ.92 వేసుకుంటే రూ.44,000 చిల్లర. నలుగురికి తలా రూ.11,000. ఫాస్టాగ్ వార్షిక పాస్ 2025లో రూ.3,000 ఉండేది, దానికి 200 టోల్ దాటింపులు వస్తాయి. ఇంత దూరానికి అది లాభమే. పాత ఓనర్ ఫాస్టాగ్ తీయించి మీ పేరు మీద కొత్తది తీసుకోండి. బస, తిండి కాక రిపేర్ల కోసం కనీసం రూ.25,000 పక్కన పెట్టండి. ఆ డబ్బు ముట్టకుండా తిరిగి వస్తే అల్హమ్దులిల్లాహ్.

ఇంతకీ మా సంగతి. డిసెంబర్ రద్దు చేసుకున్నాం. జనవరి ఆఖరులో, చిల్లై కలాన్ ముగిసే వేళకు బండి బయలుదేరుతుంది. గుల్మార్గ్‌లో మంచు అప్పటికీ ఉంటుంది, రంజాన్ మొదలయ్యేలోపు ఇంటికి చేరాలి. నాకు 17 రోజుల లీవ్ దొరకదు కాబట్టి అంబాలా దాకా రైల్లో పోయి అక్కడ కలుస్తా. కూలెంట్, బ్యాటరీ మార్చాం. ఇన్సూరెన్స్ మార్పిడి కాగితం ఈ వారం వచ్చింది. అది చూపించాకే దోస్త్ వాళ్ల అమ్మీ సరేనన్నారు.