పరిష్కారం ఏ ఆఫీసుకు చేరాలి?

2022 జనవరి 6. ఇంకా తెల్లవారలేదు. సూరత్‌కు దక్షిణాన ఉన్న సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకర్ ఆగి, తెచ్చిన రసాయన వ్యర్థాన్ని కాలువలోకి వదలడం మొదలుపెట్టింది. కాలువలోంచి లేచిన విషవాయువు పక్కనున్న డైయింగ్ మిల్లు కార్మికులను చుట్టేసింది. ఆరుగురు చనిపోయారు. ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానుగా కేసు చేపట్టింది.

ఈ ఘటన మీద ప్రాజెక్టు రాయమంటే డిగ్రీ విద్యార్థుల్లో చాలామంది ఏం రాస్తారో చెప్పడం కష్టం కాదు. ‘పారిశ్రామిక కాలుష్యం – నివారణ’ అని పేరు పెడతారు. ప్రజల్లో అవగాహన పెంచాలి, చట్టాలను కఠినంగా అమలు చేయాలి, మొక్కలు నాటాలి అంటారు. ఇవేవీ తప్పు మాటలు కావు. కానీ ఆ కార్మికుల ప్రాణాలు అవగాహన లేక పోలేదు. ప్రమాదకర వ్యర్థం ఫ్యాక్టరీ గేటు దాటితే దాని వెంట మానిఫెస్ట్ అనే పత్రం ఉండి తీరాలని 2016 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఎవరు పంపారు, ఎవరు మోశారు, ఎవరు అందుకున్నారు అన్నవి మూడూ అందులో ఉండాలి. శుద్ధి కేంద్రానికి పంపితే డబ్బు ఖర్చవుతుంది, కాలువలో పోస్తే ఏ ఖర్చూ లేదు. అలాంటప్పుడు అడగాల్సింది ఇది: గేటు దాటిన సరుకు చేరాల్సిన చోటికి చేరలేదని ఎన్ని గంటల్లో ఎవరికి తెలుస్తుంది? తెలిశాక కదలాల్సింది ఎవరు? ఈ రెండు ప్రశ్నల దగ్గర మొదలయ్యే ప్రాజెక్టు పది పేజీలే ఉన్నా సచిన్‌కు పనికొస్తుంది.

సచిన్ ఒకప్పుడు సిద్దీ నవాబులు ఏలిన చిన్న సంస్థానం. ఇప్పుడక్కడ డైయింగ్ మిల్లులు, మరమగ్గాలు, రసాయన ఫ్యాక్టరీలు, వజ్రాల, నగల ఎగుమతి కోసం పెట్టిన ప్రత్యేక ఆర్థిక మండలి ఉన్నాయి. 2020లో సచిన్ సూరత్ నగరపాలక సంస్థలో కలిసింది. సూరత్ అనగానే వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల పద్మశాలీ ఇళ్లలో ఎవరో ఒక బంధువు గుర్తొస్తారు. లింబాయత్ లాంటి పేటల్లో తెలుగువాళ్లు తరాలుగా స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. ఒడిశాలోని గంజాం నుంచి వచ్చినవాళ్లయితే మరమగ్గాల్లో లెక్కకు మించి కనిపిస్తారు. ఇలాంటి ఊళ్లో చదువుకునే పిల్లలకు సమస్య వెతుక్కుంటూ లైబ్రరీకి పోవాల్సిన అవసరం లేదు. ఇంట్లో నాన్న టీవీ సౌండ్ ఎందుకంత పెంచుతున్నాడో గమనిస్తే చాలు.

ఆ సౌండ్ సంగతే తీసుకుందాం. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే షెడ్డులో పక్కవాడితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి, లేదంటే చేతులతో సైగ చేయాలి. ఎనిమిది గంటల పనికి చప్పుడు 90 డెసిబెల్స్ మించకూడదని మన ఫ్యాక్టరీ నిబంధనలు చెబుతాయి. సూరత్ మరమగ్గాల్లో డ్యూటీ చాలాచోట్ల పన్నెండు గంటలు. ‘కార్మికుల ఆరోగ్య సమస్యలు’ అన్న అంశం ఏ విద్యార్థి చేతికీ అందనంత పెద్దది. ‘మా వీధిలో పదేళ్లకు పైగా సాంచాల మీద పనిచేస్తున్నవాళ్లలో ఎంతమందికి గుసగుసగా చెప్పిన మాట వినపడటం లేదు, అదే వీధిలో అదే వయసులో వేరే పని చేసేవాళ్లలో ఎంతమందికి వినపడటం లేదు’ అన్నది నలుగురు స్నేహితులు సెలవుల్లో చేయగలిగిన పని. రెండో గుంపు లేకపోతే మొదటి గుంపు లెక్కకు విలువ లేదు, ఎందుకంటే వయసు మీద పడితే వినికిడి ఎవరికైనా తగ్గుతుంది. చాలా ప్రాజెక్టులు ఓడిపోయేది ఈ పోలిక లేకనే. చెవి డాక్టర్ ఒకరు ఒక పూట కూర్చుని పరీక్షించి ఇస్తే ఆ లెక్కకు ఇంకా బలం వస్తుంది.

పెద్ద సమస్యను కళ్లకు కనిపించే చిన్న ప్రశ్నలుగా విడగొట్టే ఈ విద్యకు సూరత్‌లోనే పాత వారసత్వం ఉంది. సామాజిక శాస్త్రవేత్త ఐ.పి.దేశాయ్ 1969లో స్థాపించిన పరిశోధన సంస్థ ఇప్పుడు సెంటర్ ఫర్ సోషల్ స్టడీస్ పేరుతో అక్కడి విశ్వవిద్యాలయ ఆవరణలో ఉంది. గుజరాత్ పల్లెల్లో అంటరానితనం గురించి 1976లో ఆయన వెలువరించిన అధ్యయనం, అంటరానితనం ఉందా లేదా అని ఊరికే అడిగి ఊరుకోలేదు. బస్సులో, బడిలో, పోస్టాఫీసులో, నీళ్ల దగ్గర, గుడిలో, ఇంటి గడప దగ్గర ఏం జరుగుతోందో విడివిడిగా చూసింది. ప్రభుత్వం నడిపే చోట్ల అది తగ్గిందనీ, గుడి, ఇల్లు వచ్చేసరికి గట్టిగా నిలిచే ఉందనీ తేలింది. అలా తేలితేనే ఎక్కడ చట్టంతో పని జరుగుతుందో, ఎక్కడ ఇంకేదో కావాలో తెలుస్తుంది. తర్వాత 2010లో దళిత హక్కుల సంస్థ నవసర్జన్ గుజరాత్‌లోని 1,589 గ్రామాల్లో ఇలాగే ఆచారాలను ఒక్కొక్కటిగా విడదీసి సర్వే చేసింది.

ఈ ప్రాంతానికి విద్యార్థిగా వచ్చి జీవితకాల పరిశోధకుడైన మనిషి యాన్ బ్రేమన్. నెదర్లాండ్స్ నుంచి డాక్టరేట్ కోసం 1962లో దక్షిణ గుజరాత్ వచ్చాడు. అనావిల్ బ్రాహ్మణ భూస్వాముల దగ్గర తరతరాలుగా పాలేర్లుగా బతికిన దుబ్లా తెగవారి జీవితం ఆయన చదువుకున్న విషయం. ‘హాలీ’ అనే ఆ పాలేరు పద్ధతి అప్పటికే సడలిపోతోంది. కట్టు తెగిందని సంతోషించాల్సిన చోట, కష్టకాలంలో యజమాని ఇచ్చే కాస్త ఆసరా కూడా పోయి కూలీలు దిక్కులేనివారవుతున్నారని ఆయన చూశాడు. ఆ గమనింపు 1974లో పుస్తకమైంది. అక్కడితో వెళ్లిపోలేదు. అవే ఊళ్లకు దశాబ్దాల తరబడి తిరిగి వస్తూ, ఆ కూలీలు పొలం వదిలి సూరత్ ఫ్యాక్టరీల దాకా నడిచిన దారిని రాశాడు. పుస్తకాల్లో ఆ ఊళ్లకు మారు పేర్లు పెట్టాడు. విద్యార్థులు మొదట నేర్చుకోవాల్సింది ఇదేననిపిస్తుంది. సేఠ్ మీద మాట చెప్పిన కార్మికుడి పేరు రిపోర్టులోకి ఎక్కితే, మార్కులు విద్యార్థికి వస్తాయి, ఉద్యోగం అతనికి పోతుంది.

పరిశోధన ఒక ఎత్తు, దాన్ని పనిగా మార్చడం మరో ఎత్తు. 1994 సెప్టెంబరులో తాపీ నది వరద తీశాక, కుళ్లిన చెత్త మధ్య సూరత్‌లో ప్లేగు బయటపడింది. యాభై మందికి పైగా చనిపోయారు. లక్షల మంది రైళ్లూ బస్సులూ పట్టుకుని పారిపోయారు. ఆ మరుసటి ఏడాది నగరపాలక సంస్థ కమిషనర్‌గా వచ్చిన అధికారి సూర్యదేవర రామచంద్రరావు, గుజరాత్ అంతటా ఎస్.ఆర్.రావుగా పేరుపడ్డవారు. నగరాన్ని ఆరు జోన్లుగా చేసి, తన అధికారాలను జోన్ల అధికారులకు పంచారు. పొద్దున పూట అధికారులంతా వీధుల్లో ఉండాలి, మధ్యాహ్నం కూర్చుని చూసినదాన్ని చర్చించాలి. రాత్రిపూట ఊడ్పించడం, హోటళ్లలో శుభ్రత తనిఖీలు, జరిమానాలు, ఆక్రమణల తొలగింపు వరసగా వచ్చాయి. రోగాల లెక్క ఆసుపత్రుల నుంచి రోజూ రావాలి. 1996కల్లా వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ సూరత్‌ను దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా గుర్తించింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం పంచుకుంది. సెంటర్ ఫర్ సోషల్ స్టడీస్‌లో పనిచేసిన ఘనశ్యామ్ షా 1997లో సూరత్ ప్లేగు మీద రాసిన పుస్తకం ఈ వ్యాధిని నగరం పెరిగిన తీరుతో కలిపి చూసింది. విద్యార్థులు ఈ కథలో గమనించాల్సింది చీపురును కాదు. ఏ వీధికి ఎవరు జవాబుదారీ అన్నది మొదట తేల్చారు, మిగతావన్నీ దాని మీద నిలబడ్డాయి.

దీనికి భిన్నమైన ఉదాహరణ, తాగునీటి ఫ్లోరైడ్‌తో బాధపడ్డ నల్గొండ. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో అడుగుకు దించే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించింది. దానికి నల్గొండ పేరే స్థిరపడి ప్రపంచమంతా తిరిగింది. శాస్త్రంగా సరైనదే. కానీ నీటిని బట్టి మోతాదు మార్చాలి, రోజూ ఎవరో ఒకరు కలపాలి, అడుగున చేరిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. ఊళ్లో ఈ పని ఎవరిదో తేలనిచోట తొట్లు ఎండిపోయాయి. చివరికి ఊరట వచ్చింది గొట్టాల ద్వారా తెచ్చిన నది నీటితోనే. వాడేవారి రోజువారీ తీరికను, జేబును లెక్కలోకి తీసుకోని పరిష్కారం ప్రయోగశాలలో ఎంత బాగా నడిచినా చాలదు.

తెలుగు రాష్ట్రాల విద్యార్థులకు ఇప్పుడు ఈ పని చేసే వీలు సిలబస్‌లోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయాలి, సమస్యను గుర్తించాలి, పరిష్కారం సూచించాలి. తెలంగాణ డిగ్రీ కాలేజీల్లో ‘జిజ్ఞాస’ పేరుతో స్టడీ ప్రాజెక్టులు జరుగుతున్నాయి. బడి పిల్లలకు 1993 నుంచి బాలల సైన్స్ కాంగ్రెస్ ఉంది. పాత రికార్డు తీసి తారీఖులు మార్చే అలవాటు కూడా ఎక్కడికక్కడ ఉంది. అది ఆ విద్యార్థులకంటే వాళ్లు సర్వే చేసినట్టు రాసిన ఇళ్లకు ఎక్కువ నష్టం. అక్కడ నిజంగా ఒక సమస్య ఉంటే, ఒకరు వచ్చి అడిగే అవకాశం ఆ ఏడాదికి పోయినట్టే.

నిజంగా తిరిగినవాళ్లకు చేతిలో మరో సాధనం ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద ఏ పౌరుడైనా దరఖాస్తు పెట్టవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. గుజరాత్‌లో ఫీజు 20 రూపాయలు. దీన్ని ఎలా వాడవచ్చో ఒక ఉదాహరణ చూద్దాం. 2024 జులై 6న సచిన్ దగ్గర పాలీ గ్రామంలో బహుళ అంతస్తుల భవనం కూలి ఏడుగురు చనిపోయారు. పారిశ్రామికవాడ కార్మికులు అద్దెకుండే ఇళ్లవి. తన పేటలో ఇలాంటి భవనాలున్న విద్యార్థి బృందం నగరపాలక సంస్థను అడగదగినవి మూడు. ఆ వీధిలో ఏ భవనాలకు వినియోగ అనుమతి ఉంది? ఏవి ప్రమాదకరమని నోటీసు అందుకున్నాయి? నోటీసు తర్వాత ఏ తేదీన ఎవరు వెళ్లి చూశారు? వచ్చిన జవాబును గోడల పగుళ్ల ఫొటోలతో, అద్దెకున్నవాళ్లు చెప్పిన మాటలతో పక్కపక్కన పెడితే రిపోర్టు సగం తయారైనట్టే. మిగతా సగం కష్టమైనది. ఇల్లు ఖాళీ చేయమంటే ఆ కుటుంబం ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి, అదే అద్దెకు నడిచిపోయేంత దూరంలో వేరే గది ఉందా? ఇది తేల్చకుండా ‘ప్రమాదకర భవనాలు కూల్చాలి’ అని రాస్తే కార్మికులే ఆ రిపోర్టును వ్యతిరేకిస్తారు. వాళ్ల వ్యతిరేకతలో న్యాయం ఉంటుంది. అందుకే ముసాయిదాను జోన్ ఆఫీసుకు ఇచ్చే ముందు ఆ గదుల్లోనే, తెలుగులో, హిందీలో, ఒడియాలో చదివి వినిపించి, వాళ్లు కాదన్న వాక్యాలను వాళ్ల కారణంతో సహా రిపోర్టులో చేర్చాలి.