ఉక్కు గుండ్ల స్టీరింగు: ప్లే ఎక్కడ పుడుతుంది?

మోటారు కార్ల తొలి దశాబ్దాలలో స్టీరింగు కడ్డీ చివర వార్మ్ అనే మర ఉండి, దాని మెట్లు మరో పళ్ల ముక్క మీద రాసుకుంటూ జారేవి కనుక, లోపల ఎంత మంచి నూనె పోసినా చోదకుడి బలంలో చాలా భాగం రాపిడికే ఖర్చయ్యేది. ఈ జారుడును దొర్లుడుగా మార్చిన యంత్రమే రీసర్క్యులేటింగ్ బాల్ స్టీరింగు. ఇందులో మరకూ దాని మీద నడిచే పెద్ద నట్టుకూ మధ్యనున్న గాడిలో ఉక్కు గుండ్లు వరుసగా దొర్లుతాయి. గాడి చివరికి వచ్చిన గుండు ఒక సన్నని గొట్టం గుండా మళ్లీ మొదటికి చేరుతుంది కాబట్టి ఆ వరుస ఎన్నడూ తెగదు. నట్టు మర వెంట నడిచినప్పుడు దాని పక్కన కోసిన పళ్లు సెక్టార్ అనే పళ్ల చక్రపు ముక్కను తిప్పుతాయి, సెక్టారు ఇరుసుకు బిగించిన పిట్‌మన్ ఆర్మ్ అనే చేయి ముందు చక్రాలను కలిపే కడ్డీలను పక్కకు నెడుతుంది. జనరల్ మోటార్స్‌కు చెందిన సాగినా విభాగం 1940 నమూనా కాడిలాక్ కార్లలో దీనిని ప్రవేశపెట్టింది.

ద్రవపీడనంతో చోదకుడికి తోడ్పడే పవర్ స్టీరింగును ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజనీరు 1926లోనే నడిపి చూపినా, అది సాధారణ విక్రయానికి వచ్చింది 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతోనే. ఈ కొత్త ఏర్పాటుకు ఉక్కు గుండ్ల పెట్టె చక్కగా ఒదిగింది, ఎందుకంటే లోపలి నట్టునే పిస్టనుగా మలచి దాని వెనుక నూనె ఒత్తిడిని నిలపవచ్చు. చిన్న కార్లు నేరుగా పళ్ల పట్టీని కదిలించే రాక్ అండ్ పినియన్ పద్ధతికి మారిపోయినా, బరువైన వాహనాలు ఈ పెట్టెను వదలలేదు. భారతదేశపు రహదారుల మీద సరుకు మోసే భారీ లారీలలో నేటికీ పనిచేస్తున్నది ఎక్కువగా ఇదే.

వేగానికి పేరుపడిన కార్లలో దీని చివరి ఆశ్రయాలలో ఒకటి 1998 నుంచి 2003 వరకు తయారైన బీఎండబ్ల్యూ ఎం5. అదే తరపు ఆరు సిలిండర్ల కార్లకు రాక్ అమర్చిన సంస్థ, 4.9 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను కింద రాక్‌కు చోటు చాలక, 400 హార్స్‌పవర్ గల ఈ కారుకు పాత పెట్టెనే ఉంచింది. స్టీరింగు చక్రం తిరిగినా టైరు కదలని ఖాళీ తిరుగుడును మెకానిక్కులు ప్లే అంటారు. ఈ ఎం5 పాతబడిన కొద్దీ యజమానులు తరచుగా చెప్పే ఫిర్యాదు అదే, వారిలో చాలామంది మొదట నిందించేది పెట్టెనే. ఆ నింద తొందరపాటు.

ఈ కారులో పిట్‌మన్ ఆర్మ్, ఎదురు వైపున దానికి జోడీగా ఊగే ఐడ్లర్ ఆర్మ్, రెండింటినీ కలిపే మధ్య కడ్డీ, చక్రాలకు వెళ్లే రెండు టై రాడ్లు ఉన్నాయి; వాటి మధ్య ఆరు బాల్ జాయింట్లు, ఐడ్లర్ ఇరుసుకు ఒక బుష్షు. పెట్టె 16 డిగ్రీల తిరుగుడును ఒక డిగ్రీకి తగ్గిస్తుందనీ పిట్‌మన్ ఆర్మ్ పొడవు 150 మిల్లీమీటర్లనీ అనుకుంటే, పెట్టెకు ఆవల ఏ జాయింటులోనైనా ఒక్క మిల్లీమీటరు వదులు పడినప్పుడు స్టీరింగు చక్రం వద్ద అది దాదాపు 6 డిగ్రీల ప్లేగా మారుతుంది. 38 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రపు అంచున అది 2 సెంటీమీటర్లు. పెట్టెకు ఈవల, స్టీరింగు కడ్డీ జాయింటులో, ఒక డిగ్రీ వదులుంటే చేతికి తెలిసేది ఒక డిగ్రీ మాత్రమే. పెట్టె చోదకుడి బలాన్ని పెంచే నిష్పత్తిలోనే కింది వదులునూ పెంచి చూపుతుందన్న ఈ సంగతి గ్రహిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తేలిపోతుంది. భారతీయ మోటారు వాహనాల నిబంధనలు 30 డిగ్రీల ప్లే వరకు అనుమతిస్తాయి, అంటే పై చక్రపు అంచున సుమారు 10 సెంటీమీటర్లు. నిదానంగా సాగే లారీకి అది సరిపోవచ్చు గాని, గంటకు 200 కిలోమీటర్లు దాటే కారుకు అంత ప్లే ఊహకే అందదు.

పరీక్షకు ఇద్దరు కావాలి. ముందు చక్రాలు నేల మీదే ఆని ఉండగా ఒకరు స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ ఊపుతుంటే, రెండోవారు ఒక్కొక్క జాయింటు మీద వేళ్లు ఆనించి, ఒక కడ్డీ కదిలి రెండోది ఆగిపోయే చోటు కనిపెడతారు. ఈ తరగతి కార్లలో ఐడ్లర్ బుష్షు తరచుగా దొరికిపోయే దోషి. కింద కదలిక కనిపించకపోతేనే పెట్టె మీది సర్దుబాటు మరకు చేయి వెళ్లాలి, అదీ జాగ్రత్తగా. పెట్టెను నేరుగా నడిచే స్థితిలో పళ్లు కాస్త బిగువుగా కలిసేలా చేస్తారు, ప్రయాణంలో ఎక్కువ కాలం గడిచేది ఆ స్థితిలోనే గనుక అరుగుదల కూడా అక్కడే ఎక్కువ. ఆ అరిగిన నడిమి భాగానికి సరిపడా మరను బిగిస్తే, అంతగా అరగని పక్కల పళ్లు మలుపులో పట్టేస్తాయి, మలుపు తరువాత స్టీరింగు తనంతట తాను నేరుకు రాదు. వదులు స్టీరింగు కన్నా ఇది ప్రమాదకరం. అందుచేత మరను కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ ఒక అంచు నుంచి మరో అంచుకు తిప్పి చూస్తూ, ఇంకా తీరకపోతే పెట్టెను మార్చడమే ఉత్తమం.

ఇవన్నీ చేసిన తరువాత కూడా మిగిలే మందకొడితనంలో కొంత సస్పెన్షను చేతుల రబ్బరు బుష్షులు పగలడం వల్ల, కొంత టైర్ల వల్ల, మరికొంత పుట్టుకతోనే వచ్చేది. ద్రవపు వాల్వు తెరుచుకోవాలంటే ముందుగా టార్షన్ బార్ అనే సన్నని ఉక్కు కడ్డీ కొంత మెలిపడవలసిందే. ఎం5లోని స్పోర్ట్ మీట నొక్కితే ద్రవపు తోడ్పాటు తగ్గి చక్రం బరువెక్కుతుంది, దానితో వదులు తగ్గినట్టు తోస్తుంది, కాని బరువు వేరు, బిగువు వేరు. ఆ మీట ఏ ఒక్క జాయింటునూ ముట్టుకోదు.