ఉక్కపోత వాతావరణంలో కాపలా కుక్కల ఉష్ణ సంరక్షణ

మామిడి తోటలోనో, చేపల చెరువు గట్టుపైనో, పశువుల పాక వద్దనో కాపలా కుక్క లేని కమతం కోస్తా జిల్లాలలో తక్కువ. పాడి పశువుల మేత, దాణా, టీకాల విషయమై విస్తరణ సిబ్బంది వద్ద తగిన సమాచారం ఉంటుంది. అదే ఆవరణలో గొలుసుతో కట్టి ఉన్న కుక్క ప్రస్తావన మాత్రం అది ఒక మధ్యాహ్నం కూలబడిన తరువాతనే వస్తుంది. అప్పుడు అందే సలహాలలో చాలావరకు పొడి వేడి గల ప్రాంతాలకు సరిపడేవి. తడి గోనె కప్పడం, గదిలో నీళ్ల కూలరు పెట్టడం అనంతపురంలో మేలు చేయవచ్చు. మచిలీపట్నంలో అవే పద్ధతులు కొన్ని సందర్భాలలో కీడు చేస్తాయి. ఈ భేదానికి మూలం పైరు నీటి అవసరాన్ని లెక్కగట్టే శాస్త్రజ్ఞునికి సుపరిచితమైన సూత్రంలోనే ఉన్నది.

కుక్క సహజ దేహోష్ణోగ్రత సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. మనిషి వలె ఒళ్లంతా చెమట పట్టే ఏర్పాటు దానికి లేదు. పాదాల మెత్తలలో స్వేద గ్రంథులు ఉన్నప్పటికీ వాటి ద్వారా పోయే వేడి స్వల్పం. గాలి వేడెక్కిన కొద్దీ దానికి మిగిలే ప్రధాన మార్గం వగర్చడం. విశ్రాంతిలో నిమిషానికి 10 నుంచి 30 సార్లు శ్వాసించే కుక్క, వగర్చేటప్పుడు 300 సార్లు దాటి శ్వాసిస్తుంది. ఇంత వేగంగా కండరాలు పనిచేస్తే ఆ శ్రమవల్లనే వేడి పుట్టదా అన్న సందేహం విద్యార్థులకు కలగడం సహజం. ఛాతీ, ఊపిరితిత్తుల వ్యవస్థకు ఉయ్యాలకు ఉన్నట్లే ఒక సహజ కంపన వేగం ఉంటుంది. కుక్క దాదాపు అదే వేగంతో వగరుస్తుంది గనుక శ్రమ తక్కువ. గాలి ఎక్కువగా ముక్కు ద్వారా లోనికి పోయి నోటి ద్వారా వెలుపలికి వస్తుందని ష్మిట్-నీల్సన్ బృందం 1970లో నిరూపించింది. ఆ దారిలో నాసికా పొరల నుంచి, నాలుక నుంచి నీరు ఆవిరవుతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి శరీరం నుంచి తొలగిపోతుంది.

శాతం చూసి మోసపోరాదు

వరి ఆకు నుంచి జరిగే బాష్పోత్సేకమైనా, కుక్క నాలుక మీది బాష్పీభవనమైనా తడి ఉపరితలానికీ గాలికీ మధ్య గల ఆవిరి పీడన భేదం మీద ఆధారపడతాయి. కుక్క విడిచే గాలి సుమారు 38 డిగ్రీల వద్ద తేమతో సంతృప్తమై ఉన్నదనుకుంటే, దాని ఆవిరి పీడనం 6.6 కిలోపాస్కల్. బయట 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్నప్పుడు గాలిలోని ఆవిరి పీడనం 1.6 మాత్రమే, భేదం 5.0. బయట 36 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే గాలిలోని పీడనం 4.2, భేదం 2.4. అనగా ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలు తగ్గినా ఒక్కొక్క శ్వాస మోసుకుపోగల నీరు సగానికి పడిపోయింది. తడి బల్బు ఉష్ణోగ్రత మొదటి సందర్భంలో 24 డిగ్రీల చేరువన, రెండవదానిలో 31 డిగ్రీల చేరువన ఉంటుంది. పొడి వేడి నిరపాయకరమని దీని అర్థం కాదు. 42 డిగ్రీల గాలి తానే శరీరానికి వేడిని చేరుస్తుంది. అక్కడ నీరు, నీడ ఉంటే వగర్పు పనిచేస్తుంది. ఇక్కడ అవి ఉన్నా వగర్పు సగమే పనిచేస్తుంది.

వాతావరణ నివేదికలోని తేమ శాతాన్ని నేరుగా వాడడం మరొక పొరపాటు. తెల్లవారుజామున 28 డిగ్రీల వద్ద 90 శాతం తేమ ఉండవచ్చు. అంకె భయపెట్టినా అప్పటి తడి బల్బు ఉష్ణోగ్రత 27 డిగ్రీలే. అందువల్ల కుక్కను తిప్పడానికి, పనికి వెంట తీసుకుపోవడానికి తేమ శాతం అత్యధికంగా ఉండే ఆ వేళయే దినమంతటిలో అనువైనది. సాయంత్రం సూర్యుడు వాలినా తారు రోడ్డు, సిమెంటు గచ్చు వేడిని వెంటనే విడువవు. అరచేతి వెనుకభాగాన్ని కొన్ని క్షణాలు ఆనించలేని నేల పాదాల మెత్తలను కాలుస్తుంది.

నీడ, నేల, గాలి

రేకుల పాక నీడ, చెట్టు నీడ ఒకటి కావు. రేకు ఎండకు గాలి కంటే ఎంతో ఎక్కువగా వేడెక్కి, కింద ఉన్న జంతువు మీదికి ఆ వేడిని వికిరణం చేస్తుంది. నీరందే చెట్టు ఆకు బాష్పోత్సేకం వల్ల గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగానే ఉంటుంది. తప్పనిసరై రేకు వేస్తే పైన తాటాకు గాని వరిగడ్డి గాని పరచి, కనీసం రెండు వైపులా గాలి ఆడేలా తెరచి ఉంచాలి. గొలుసు విషయం అన్నిటికన్న ముఖ్యం. ఉదయం నీడలో కట్టిన కుక్క మధ్యాహ్నానికి ఎండలో ఉంటుంది. నీడతోపాటు జరిగే అవకాశం దానికి లేదు.

కట్టివేయని కుక్క ఏం చేస్తుందో గమనించడం ఉపయోగకరం. కొల్లేరు పరిసరాలలో బాతుల మందలను కాచే కుక్కగా పేరొందిన జోనంగి జాతి నేలలో గుంతలు తవ్వుకొని పడుకుంటుంది. పొట్టి వెంట్రుకల ఈ తీరప్రాంత జాతి అలవాటును మృత్తికా భౌతిక శాస్త్రం సమర్థిస్తుంది. మే నెలలో ఎండిన బోడి నేల పైపొర 50 డిగ్రీలు దాటవచ్చు గాని, పగటి ఉష్ణోగ్రతా తరంగం లోతుకు పోయిన కొద్దీ వేగంగా క్షీణిస్తుంది; 30 సెంటీమీటర్ల లోతున దాని హెచ్చుతగ్గులు పైపొరలోని వాటిలో పదో వంతుకు లోబడి ఉంటాయి. చెట్టు కింద తడిపిన ఇసుక గుంతలో వెంట్రుకలు పలుచగా ఉండే పొట్ట, తొడల లోపలి భాగం ఆనినప్పుడు వేడి వహనం ద్వారా నేలలోకి పోతుంది. ఈ మార్గానికి గాలిలోని తేమతో నిమిత్తం లేదు. పూలమొక్కలు పాడయ్యాయని కుక్కను దండించే బదులు, ఒక మూల గంపెడు ఇసుక పోసి రోజుకు రెండుసార్లు తడపడం మేలు.

ఒంటిని తడిపితే వెంటనే ఫ్యాను గాలి తగలాలి. తడి గోనెను కప్పి వదిలివేస్తే కొద్దిసేపటికే అది శరీరమంత వేడెక్కి, వెంట్రుకల మధ్య సంతృప్త గాలిని బంధించి, దుప్పటి వలె పనిచేస్తుంది. మూసిన గదిలో నీళ్ల కూలరు సైతం తేమనే పెంచుతుంది. తాగునీరు రెండుచోట్ల, ఒలికిపోని బరువైన తొట్లలో, నీడలో ఉండాలి. వగర్పులో పోయేది ప్రధానంగా నీరే గనుక ఉప్పు కలపవలసిన పని లేదు. మేతను ఉదయం, రాత్రి వేళలకు మార్చాలి.

పగ్, బుల్‌డాగ్, షీట్జూ వంటి చప్పిడి ముక్కు జాతులలో బాష్పీభవన తలమూ, గాలి మార్గమూ రెండూ కుంచించుకుపోయి ఉంటాయి. పట్టణాలలో వీటిని పెంచేవారు పెరుగుతున్నారు. కోస్తా వాతావరణానికి ఇంతకన్న అనువుగాని ఎంపిక ఉండదు. స్థూలకాయం, వృద్ధాప్యం ప్రమాదాన్ని మరింత పెంచుతాయి.

వడదెబ్బ తగిలినప్పుడు

ఆగని వగర్పు, చిక్కని చొంగ, ముదురు ఎరుపెక్కిన చిగుళ్లు, తూలడం, వాంతి, చివరకు మూర్ఛ ఇందులోని లక్షణాలు. దేహోష్ణోగ్రత 41 డిగ్రీలు దాటితే అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. వాహనం కోసం వెదకడానికి ముందే చల్లబరచడం ఆరంభించాలి. ఆరోగ్యవంతమైన పడుచు కుక్కనైతే తల పైకి పట్టి నీళ్ల తొట్టిలో ముంచవచ్చు. ముసలిదైతే ధారాళంగా నీరు పోస్తూ గాలి తగిలించాలి. చన్నీరు పోస్తే ప్రమాదమన్న పాత హెచ్చరిక ఇంకా వినిపిస్తున్నది గాని, గోరువెచ్చని నీటి కోసం ఆలస్యం చేయడమే అసలు ప్రమాదం. స్పృహ లేనప్పుడు నోటిలో నీరు పోయరాదు. ఇది జ్వరం కాదు. మెదడులోని ఉష్ణ నియామకం మారలేదు గనుక పారాసిటమాల్ వంటి మాత్రలు పనిచేయకపోగా హాని చేస్తాయి. మలద్వారం వద్ద ఉష్ణమాపకం 39.5 డిగ్రీలు చూపగానే చల్లబరచడం ఆపాలి. లేనియెడల ఉష్ణోగ్రత అవసరానికి మించి దిగిపోతుంది.

చల్లబరుస్తూనే పశువైద్యునికి గాని, సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు గాని కబురు చేయాలి. కుక్క లేచి నిలబడి నీరు తాగినంత మాత్రాన ఈ పని మానరాదు. రక్తం గడ్డకట్టే వ్యవస్థ చెడిపోవడం, మూత్రపిండాలు విఫలం కావడం తరచు ఒకటి నుంచి మూడు రోజుల తరువాతనే బయటపడతాయి. ఆ మూడు రోజులూ మూత్రం పరిమాణాన్ని, మలంలో రక్తపు జాడను, చిగుళ్లపై ఎర్రని మచ్చలను యజమాని గమనిస్తూ వైద్యునికి తెలపాలి.